చివరి మగ్గం అని నేనే రాశాను

ఏడేళ్లుగా నేనొక మనిషికి ఎదురుపడకుండా తిరుగుతున్నాను. ఆయన నాకు ఏ అపకారమూ చేయలేదు. నేనే ఆయనకు చేశాను. చేసిన సంగతి ఆయనకు తెలియదు. తెలియకపోవడమే ఇన్నాళ్లూ నా గుండె మీది బరువు. మీరెవరో నాకు తెలియదు కనుక మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఈ పిరికితనాన్ని ఇక్కడే గుర్తుపెట్టుకోండి, మిగిలినదంతా దానిలోంచే వచ్చింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేను. వనపర్తిలో బి.కాం. పూర్తిచేశాను. మా ఊరు ఆత్మకూరుకూ గద్వాలకూ నడుమ ఉంటుంది. అమ్మ నల్లగొర్రెల ఉన్ని వడుకుతుంది. నాయన ఆ పోగుకు చింతగింజల గంజి పట్టించి, గుంతమగ్గంలో కూర్చుని గొంగళ్లు నేస్తాడు. సంతలో గొంగడి అడిగేవాళ్లు తగ్గిపోయారు. మిల్లు దుప్పటి మెత్తగా ఉంటుంది, గుచ్చుకోదు, ఉన్నివాసన వేయదు. అందుకని దూరపు ఊళ్లవాళ్లకు అమ్ముదామని నేనొక వెబ్‌సైటు తయారుచేశాను. అందులో గొప్పతనమేమీ లేదు. ఇంటర్నెట్టులో సిద్ధంగా దొరికే పేజీల అచ్చులో ఫొటోలు, కొలతలు, ధర నింపడమే. మొత్తం నాలుగు పేజీలు. ఊరు మాత్రం నన్ను ఇంజనీరును చూసినట్టు చూసింది. నేను కాదనలేదు.

నాయన ఇంట్లో లుంగీ, బనియను మీద నేస్తాడు. ఫొటో కోసం ధోవతి కట్టించాను, తలకు రుమాలు చుట్టించాను, గోడ మీది ట్యూబ్‌లైటు విప్పించాను. పక్కనున్న సెల్‌ఫోను తీసి దాచాను. "ఏందిరా, నన్ను బతికుండంగనే పటంల ఎక్కిస్తున్నవ్" అని నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాకు కావలసింది సరిగ్గా అదే.

నెల దాటినా ఒక్కరూ కొనలేదు. అచ్చులో 'మా కథ' అనే పేజీ ఖాళీగా ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం అక్కడ ఇంగ్లీషులో ఇలా రాశాను: ఈ ప్రాంతంలో చేతితో గొంగడి నేసే చివరి మగ్గం ఇదే. రాస్తున్నంతసేపూ వెనక వీధిలో గొంగళ్లు నేసే తిమ్మన్న మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. లేచి కిటికీ మూశాను.

ఆ వాక్యం పనిచేసింది. కొనుగోళ్లు మొదలయ్యాయి. బెంగళూరు నుంచి ఒకామె, చదివి ఏడ్చానని రాసింది. ఒక పని బతికున్నంతకాలం తలెత్తి చూడనివాళ్లకు, అది చచ్చిపోతున్నదంటే మాత్రం ఎంత ప్రేమో. వాళ్లను చూసి నాకు ఏవగింపు కలిగింది. అయినా వాళ్ల ఉత్తరాలను శ్రద్ధగా అక్షరదోషాలు దిద్ది మరీ వెబ్‌సైటులో పెట్టాను. ఏవగించుకునే అర్హత నాకెక్కడిది? వాళ్లు నమ్మారు. నమ్మించినవాణ్ణి నేను.

తిమ్మన్న నాకు పెదనాయన వరస. నాయనకు నేత నేర్పింది ఆయనే. ఒకరోజు కొత్త గొంగడి భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"బిడ్డా, మీ నాయనవి గా కంప్యూటర్‌ల పెట్టి పట్నాలకు తోలుతున్నవంట. నావి గూడ రెండు పెట్టు."

నేనేదో గొణిగాను. ఆయన గొంగడి విప్పి రెండు కొసలు నా చేతికిచ్చాడు, రెండు తాను పట్టుకున్నాడు. అమ్మను పిలిచి నడుమ చెంబెడు నీళ్లు పోయమన్నాడు. మావాళ్లలో మంచి గొంగడికి పరీక్ష అదే. నీళ్లు నిలవాలి.

"జర గట్టిగ పట్టు. మీ నాయన గొంగట్ల పోస్తే కింద కూసున్నోనికి తానమైతది."

అమ్మ నవ్వుకుంటూ లోపలికి పోయింది. నీళ్లు నిలిచాయి. ఆయన గొర్రెల సంగతి, ఆ ఏటి వానల సంగతి మాట్లాడుతూనే ఉన్నాడు. నేను కిందికి చూస్తూ ఉన్నాను. ఒక్క చుక్క దిగలేదు. నేల పొడిగానే ఉంది.

నేను చేయవలసిన పని చాలా చిన్నది. 'చివరి' అనే ఒక్క మాట తుడిచేయాలి. ఎందుకు చేయలేదు? కొనేవాళ్లు పోతారనే భయమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. ఊరకే తుడిచేస్తే సరిపోదనిపించింది. ముందుగా, నువ్వు లేవని రాశాను పెదనాయనా, అని ఆయన ముఖం చూసి చెప్పాలి. చదువుకున్నవాడి బుద్ధి ఇదా అని ఆయన అనుకోవాలి. అది తప్పించుకోవడానికి ఆయన నేతలో లోపం వెదికాను. దొరకలేదు. అయినా నోరు తెరిచాను.

"అంచు సాపు లేదు పెద్నాయనా. పోగు ఎగుడుదిగుడున్నది. గిట్లాంటివి పంపితే వాపస్ వస్తయి."

ఆయన నీళ్లు పారబోసి, అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి కొసదాకా తడిమాడు. మళ్లీ మొదటినుంచి తడిమాడు.

"నాకైతే తెలుస్తలేదు."

"పట్నపోళ్లకు తెలుస్తది."

"గట్లనా." వేళ్లు అంచు మీంచి తీశాడు. "సదువుకున్నోనివి. నీకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది. చేతులు పాతవడ్డయి గావచ్చు."

తడిసిన గొంగడి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. పోట్లాడి ఉంటే, తిట్టి ఉంటే, నేను గట్టెక్కేవాణ్ణేమో. ఆయన నా డిగ్రీని గౌరవించాడు.

తిమ్మన్నవి ఎందుకు పెట్టలేదని నాయన అడిగితే, ఆయనే మనసు మార్చుకుని వద్దన్నాడని చెప్పాను. నాయన నొచ్చుకున్నాడు. రెండిళ్ల మధ్య మాటలు తగ్గాయి. నా అబద్ధం బయటపడకుండా వాళ్ల మౌనమే కాపలా కాసింది.

ఏడాది తిరగకముందే తిమ్మన్న గొర్రెలను మానవపాడు వాళ్లకు అమ్మేశాడు. మగ్గం గుంత పూడ్చి, పైన తవుడు బస్తాలు వేశాడు. ఆనాటినుంచి నా వెబ్‌సైటులోని మాట అక్షరాలా నిజం. దిద్దవలసిన అవసరమే లేకపోయింది. నేను ముందు అబద్ధం రాశాను, తరువాత దానికి సరిపోయేట్టు ఊరిని దిద్దాను.

ఎలాగూ మానేసేవాడే కదా అని వాదించుకున్నాను. మోకాళ్ల నొప్పులున్నాయి కదా, ఎంతమంది మానలేదు అనుకున్నాను. నిజమే, మానేశారు. వాళ్లు కొనేవాళ్లు లేక మానేశారు. ఈయన తన చేయి చెడిపోయిందని నమ్మి మానేశాడు. ఈ రెండూ ఒకటేనని నేనింతవరకూ నన్ను ఒప్పించుకోలేకపోయాను.

పోయిన చలికాలం గద్వాలలో దొరికిపోయాను. విత్తనాల గోదాము గేటు దగ్గర ఆయన కాపలాకు కూర్చుని ఉన్నాడు. భుజాల మీద మిల్లు దుప్పటి. నన్ను చూసి లేచాడు, తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు. చాయ్ తెప్పించాడు. పక్కనున్న కాపలాదారుకు నన్ను పరిచయం చేశాడు.

"మా తమ్ముని కొడుకు. నా నేత మంచిగ లేదని మొకం మీదనే చెప్పిండు. ఈయన చెప్పకుంటే ఇంకా గా గుంతల్నే కూసుంటుంటి."

ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెదికాను. ఉంటే ఎంతో హాయిగా ఉండేది. లేదు. నేను చాయ్ తాగాను. బాగుందని కూడా అన్నాను. బస్సెక్కాను.

అక్కడ చెప్పవలసింది ఇక్కడ చెబుతున్నాను. అంచు సాపుగానే ఉంది. పోగు సమంగానే ఉంది. మా నాయన తన జన్మలో అలాంటి గొంగడి నేయలేదు. అది నాకు ఆ వాకిట్లోనే తెలుసు.

రాసిన తరువాత ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. ఆ సులువు మీద నాకు గౌరవం లేదు. గద్వాలలో ఆ గేటు దగ్గర తిమ్మన్న ఈ పొద్దు కూడా తన చేతులదే తప్పనుకుంటున్నాడు.