రెండు రింగులు

నిజామాబాద్‌లో బంధువుల పెళ్లికని తెనాలి నుంచి వెళ్లినప్పుడు, పిల్లల పోరు పడలేక బోధన్ రోడ్డులో ఉన్న వినోదాల పార్కుకు తీసుకెళ్లాను. వాళ్లు నీటి జారుడుబల్ల మీద కేరింతలు కొడుతుంటే, నేను బెంచీ మీద కూర్చుని ఫోనులో గల్ఫ్ యుద్ధం వార్తలు చూస్తున్నాను. మా తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు.

నా పక్కన కోటగిరి నుంచి వచ్చిన ఒకావిడ తన పిల్లల తడిబట్టలు పిండుతోంది. ఆవిడ ఫోను రెండుసార్లు మోగి ఆగింది. తీయలేదు సరికదా, తృప్తిగా నవ్వుకుంది.

"ఫోను తియ్యలేదేమ్మా?" అన్నాను.

"ఎత్తొద్దన్నా. మా ఆయన దుబాయిల ఉన్నడు. పనికాడ మాట్లాడనియ్యరు. గీ లడాయి మొదలైన సంది గంటకోసారి గిట్ల రెండు రింగులు ఇస్తడు. మంచిగున్న అని చెప్పినట్టు."

"మరి వార్తలు చూడరా?"

"టీవీ బంద్ వెట్టిన. పొల్లగాండ్లు భయపడుతున్నరని ఈడికి తోల్కొచ్చిన."

నేనా, ఏ క్షిపణి ఎక్కడ పడిందో గడగడా చెప్పగలను. తమ్ముడు ఎలా ఉన్నాడో మాత్రం తెలియదు. నాన్న దినం నాడు మాటా మాటా పెరిగింది. మూడేళ్లుగా మా మధ్య ఫోన్లు లేవు. ఆవిడ అద్దం పగిలిన ఫోను లాక్కుని నా జేబులో వేసుకోవాలనిపించింది.

"మీవోళ్లు ఎవలన్న ఉన్నరా అన్నా ఆడ?" అనడిగింది.

"తమ్ముడున్నాడు."

"ఫోన్ జేస్తున్నడా?"

"గంటకోసారి," అన్నాను.