గేలాలవాళ్ళ విందు

పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేసే మనిషి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. మస్కట్‌లో, ఖురం దగ్గర నేను వంట చేసే ఇంట్లో సార్ అలాంటివాడు. వారం వారం సెలవు రోజున గేలం కర్రలు కారులో వేసుకుని ఖురియాత్ సముద్రతీరానికి వెళతాడు. మధ్యాహ్నానికి కమిలిన మొహంతో, ఖాళీ చేతులతో తిరిగొస్తాడు. పడలేదా అని అడిగితే, పడ్డాయి, వదిలేశానంటాడు. ఆ సాయంత్రం అదే రకం చేపను నేను బజారులో కొనుక్కురావాలి.

నేను గోదావరి లంకలో పుట్టి, వలలు వేసే ఇంట్లో మెట్టినదాన్ని. మా ఇంట్లో చేప తోక కూడా పారేసిన గుర్తు లేదు. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఊరికే ఎవరూ ఏమీ చెయ్యరన్న సంగతి మాత్రం బడికి వెళ్ళకుండానే తెలిసింది.

అందుకే, చలికాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం పెరట్లో ముప్పై మందికి భోజనాలని మేడమ్ చెప్పినప్పుడు, ఎందుకని ఆరా తీశాను. చెప్పింది డ్రైవరు. నిజామాబాద్ వైపు మనిషి, నలభై దాటినవాడు. ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ మూడూ వచ్చు. ఆ ఇంటికీ నాకూ మధ్య అతనే నోరు. సాల్మన్ అని సార్ వాళ్ళ దేశపు చేప ఒకటుందట. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే ఎదురీదుతుందట. అది ఏటేటా తగ్గిపోతోందని, దాన్ని బతికించడానికి నాలుగైదు దేశాల గేలాలవాళ్ళు ఒక జట్టుగా కలిసి చందాలు పోగుచేస్తున్నారట. ఈ భోజనం ఆ చందా కోసం.

విన్నంతసేపూ నాకు మా పులసే కళ్ళ ముందు మెదిలింది. అదీ అంతే, వరద నీటికి సముద్రంలోంచి గోదావరికి ఎదురొస్తుంది. అయినా మనసు ఒప్పుకోలేదు.

"పట్టేవోళ్ళే కాపాడతారంటే ఎలా నమ్మేశావయ్యా?" అన్నాను.

"నేనెక్కడ నమ్మిన అవ్వా? నా డ్యూటీ నేను జేస్తున్న," అన్నాడతను.

శుక్రవారం వచ్చింది. విందులో సాల్మన్ ఉండకూడదని మేడమ్ గట్టిగా చెప్పింది కాబట్టి వంజరం పులుసు పెట్టాను, రొయ్యలు వేయించాను. ఆ చేప పేరున విందు, ఆ చేప మాత్రం కంచంలో లేదు. తినేముందు వేలం పాట జరిగింది. వాడేసిన గేలం కర్రను ఒకాయన కొత్తదాని ధరకు మించి పాడుకున్నాడు. పాడుకుని, చుట్టూ ఉన్నవాళ్ళ చేత చప్పట్లు కొట్టించుకున్నాడు. అంత డబ్బు అంత సంతోషంగా వదులుకున్నారంటే వెనక ఇంకేదో ఉండి తీరాలని నాకనిపించింది.

అది ఏమిటో వడ్డిస్తుండగా తెలిసింది. అతిథుల్లో ఒక ముసలాయన చప్పట్లు కొట్టకుండా చివరి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిటికెన వేళ్ళు లోపలికి వంగి ఉన్నాయి, తాడు లాగీ లాగీ వంగిపోయినట్టు. ఎవరని డ్రైవర్ని అడిగాను. సార్ చిన్నప్పటి నుంచీ గేలం వేసే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, తాతల కాలం నుంచి వలలు వేస్తున్న మనిషట. కూతురు ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆమెను చూడటానికి వచ్చాడు. అది తెలిసి సార్ ఇద్దరినీ భోజనానికి పిలిచాడు. ఆ వలలు ఎత్తేసి, ఇక వెయ్యనని రాసిస్తే, చందాల్లోంచి ఏటా ఇంత అని ఆయనకు ఇస్తారట. కాగితం సార్ గదిలో తయారుగా ఉంది. ముసలాయన ఇంకా ఔననలేదు.

అప్పుడర్థమైంది నాకు. ఈ పులుసూ, ఈ చప్పట్లూ ఆ కాగితం కోసమే. మొగలో వల లేకపోతే చేప పైకి వెళుతుంది. పైన ఎవరున్నారు? గేలాలు పట్టుకుని వీళ్ళే ఉన్నారు.

కాసేపటికి ఆయనే వంటింట్లోకి వచ్చాడు, ఖాళీ గిన్నె పట్టుకుని. రెండోసారి పులుసు కోసం నేను ఇంకో వంజరం కోస్తున్నాను. మొప్పల్లో బొటనవేలు దూర్చి పేగు ఒక్క లాగుతో తీస్తే, చూసి నవ్వాడు. మంచుగడ్డలు మోసుకొచ్చిన డ్రైవర్ని ఆపి ఏదో అడిగాడు. మీకూ వలలు ఉండేవా అని. ఉండేవన్నాను. మీ ఏట్లో ఇప్పుడు చేప ఉందా అన్నాడు.

ఉందని అబద్ధం చెప్పవచ్చు. వలవాళ్ళ పక్షాన ఒక మాట అన్నట్టు ఉండేది. కానీ ఆయన అడిగిన తీరు తోటి వలవాడు అడిగినట్టుంది. చెప్పాను. వరదకు ఎర్రనీరు వచ్చిన రోజుల్లో మేము మొగ దగ్గరే వలలు దించేవాళ్ళం. మేము పట్టకపోతే పక్కవాడు పడతాడని దించేవాళ్ళం. కడుపులో జన, అంటే గుడ్లు, ఉన్న పులసకు ధర ఎక్కువ. రేవులో నేనే పొట్ట మీద బొటనవేలితో నొక్కి, గుడ్లు కనిపించేలా చేసి బేరం పెంచేదాన్ని. ఆపమని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే తరిమికొట్టేవాళ్ళం. ఇప్పుడు మా బజారుకు ఎక్కడెక్కడి నుంచో ఐసు పెట్టెల్లో వస్తుంది, గోదావరి పులసని అమ్ముతారు. మా వలను కోళ్ళు రాకుండా చిక్కుడు పాదు చుట్టూ కట్టాను.

డ్రైవరు ఇదంతా ముసలాయనకు చెప్పాడు. అయితే సంతకం పెట్టమంటావా అని ఆయన అడిగాడు.

"ఒక్కటే అడగమను," అన్నాను. "ఈయన వలలు ఎత్తేస్తే, పైన వాళ్ళు ఒక్క చేపని కూడా ఇంటికి పట్టుకెళ్ళబోమని ఆ కాగితంలోనే రాస్తారా? రాస్తే పెట్టమను. రాయకపోతే శుభ్రంగా తినేసి ఎల్లిపొమ్మను."

"అవ్వా, గీ మాట నా నోట్లకెల్లి వస్తే సార్ నన్ను ఇంటికి తోలుతడు."

"నా మాటేనని చెప్పు. తోలితే నన్నే తోలతారు."

చెప్పాడు. ముసలాయన గిన్నె అక్కడే పెట్టి పెరట్లోకి నడిచాడు. కిటికీలోంచి చూశాను. సార్ దగ్గర నిలబడి, కూర్చోకుండా, అడిగాడు. నవ్వులు ఆగిపోయాయి. టోపీ పెట్టుకున్న ఒకాయన గ్లాసు బల్ల మీద దబ్బున పెట్టి గట్టిగా మాట్లాడాడు. సార్ తల తిప్పి వంటింటి కిటికీ వైపు చూశాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. పులుసు పొయ్యి మీద ఉంది, మాడిపోకూడదు కాబట్టి వెళ్ళి కలిపాను.

సార్ వంటింట్లోకి వచ్చాడు. ఈ ప్రశ్న నీకెవరు నేర్పారని అడిగాడు. ఎవరూ నేర్పలేదన్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తను పట్టినవన్నీ వదిలేస్తాడట. జట్టులో కొందరు వదలరట. ఏళ్ళ తరబడి వాళ్ళలో వాళ్ళకు అదే తగువట. రాస్తే సగం మంది చందా మానేస్తారని భయపడి రాయలేదట. ఇదంతా డ్రైవరు నేల చూస్తూ చెప్పాడు. నా అనుమానం సగం నిజమైనందుకు నాకు సంతోషమేమీ కలగలేదు.

పొద్దు వాలేదాకా పెరట్లో వాదించుకున్నారు. టోపీ ఆయన, ఇంకో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కాగితం చివర ఆ మాటనే చేత్తో ఒక వాక్యంగా రాసి, దాని కింద అందరూ సంతకాలు పెట్టారు. ముసలాయన కూతురు చేత ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుని, తన సంతకం అన్నిటికంటే చివర పెట్టాడు.

మూడు నెలల తర్వాత ఆ కూతురు ఒకసారి ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న పొద్దున్నే లేచి ఏటి గట్టు వెంట పైదాకా నడుస్తున్నాడట, గేలాలవాళ్ళు పట్టింది వదులుతున్నారా లేదా చూడటానికి. ఒక్క చేప సంచిలోకి వెళ్ళినా మర్నాడే వల దించుతానని అందరికీ చెప్పి ఉంచాడట. చెబుతూ ఆమె నవ్వింది. డ్రైవరూ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పొద్దున్నొక్కటే చాలదు, సాయంత్రం కూడా ఒకసారి వెళ్ళి చూసి రమ్మన్నానని వాళ్ళ నాన్నతో చెప్పమన్నాను.