ఇంటికో మడి, బస్తీకో మడి

కాపురానికి వచ్చిన మర్నాడే అత్త నన్ను తోటంతా తిప్పి చూపించింది. మలక్‌పేట దాటాక మూసీ వైపు వాలుగా ఉండే కూరగాయల తోట మాది. బావి పక్కన చాపంత మడి చూపించి, "ఇది మనకు. దీన్ల ఆవు పెండ తప్ప ఏం వడదు. గా కింద ఉన్నయన్నీ బస్తీకి" అంది. కింది మళ్లకు పడేది పట్నం పాయిఖానాల నుంచి బండ్లలో వచ్చే పెంట. దాన్ని గుంతలో పోసి, బూడిద, ఆకు కప్పి, వానాకాలమంతా మాగనిచ్చేవాళ్లు. తర్వాత తీస్తే నల్లటి మట్టిలా ఉండేది, వాసన కూడా వచ్చేది కాదు.

మనం అమ్మేది మనమే ఎందుకు తినం అని నేను అడగలేదు. అడగాలని అనిపించలేదు కూడా. మా పుట్టింటి తోటలోనూ అంతే. పైగా ఆ ఎరువు మహిమ చూసి మురిసిపోయేదాన్ని. పెండ వేస్తే ఒక్క కోతకే అలిసిపోయే కొత్తిమీర అక్కడ మూడు కోతలిచ్చేది. ముల్లంగి మోచేయంత ఊరేది. మా పెంకుటిల్లు, నా చేతి వెండి కడియాలు ఆ మళ్ల చలవే.

యుద్ధం రోజుల్లో కూరగాయలకు గిరాకీ పెరిగింది, మామకు ఓపిక తగ్గింది. గుంతలో పోసి నెల తిరక్కుండానే పచ్చి పెంట మళ్లకెక్కింది. పాత గుంత చాలక, బండి దించడానికి వీలని బావి దగ్గర్లో ఇంకోటి తవ్వించాడు. అత్త ఒక్కసారి అడ్డం చెప్పింది. "ఇంటి మడికి దగ్గరైతది గదా?"

"నడుమ కట్ట పోస్త తియ్" అన్నాడు. పోశాడు కూడా. ఆ కట్టను చూసుకుని అందరం నిశ్చింతగా ఉన్నాం. బావి సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఏడు వానలు గట్టిగా కురిసి గుంత నిండిపోయింది. మూడేళ్ల నా కొడుకుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బయటి తిండి ముట్టనివ్వలేదు నేను. ఇంటి మడిలోని కొత్తిమీర నూరి, అప్పుడే తోడిన బావి నీళ్లలో కలిపి, చెంచాతో పట్టించాను. దాహమన్నాడు, ఇంకా పట్టించాను. మూడో రోజు వచ్చిన హకీము ముందు గుంత చూశాడు, తర్వాత బావి చూశాడు. "గీ బాయి నీళ్లు పోరనికి ఎవరు తాపుతున్నరు?" అని అడిగాడు. నేనేనని చెప్పాను. సాయంత్రానికి వాడు పోయాడు.

మామ బావి పక్క గుంత పూడ్పించాడు. కింది మళ్లకు మాత్రం పచ్చి పెంట ఆపలేదు. "ఇగ ఇంటి దిక్కు రాదు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నాడు.

పది రోజులయ్యాక గంపెత్తుకుని బస్తీకి పోయాను. ఎప్పుడూ మా దగ్గరే కొనే పాలవాళ్ల ఇల్లాలు గడపలో ఒక్కతే కూర్చుని ఉంది. రోజూ ఆమె కొంగు పట్టుకుని తిరిగే కూతురు కనబడలేదు. నేను గంప దించేలోపే చెప్పింది.

"మా పోరి వోయిందక్కా. వాంతులు, బేదులు. రెండు దినాలే. ఇంట్ల వండింది తప్ప ఏం పెట్టలే నేను. నీ ముల్లంగంటే పానం దానికి. ఉప్పద్దుకొని పచ్చిదే నమిలేది."

గంప దించాను. ఆ ముల్లంగి మా ఇంట్లో ఎవరమూ నోట పెట్టుకోం అని చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సిన మాట అది. చెబితే ఆ గల్లీలో ఇక మా గంప దిగదు. దానికి భయపడ్డాను. అంతకంటే ఎక్కువ ఆమె మొహానికి భయపడ్డాను.

"నా కొడుకు గూడ వోయిండు చెల్లె" అన్నాను.

ఆమె నన్ను పట్టుకుని నా కొడుకు కోసం ఏడ్చింది. నా తల నిమిరింది. తర్వాత వద్దన్నా వినకుండా కొత్తిమీర రెండు కట్టలు కొని, గంప నా నెత్తికెత్తి పంపింది.