సాలీడు సారు మార్కులేసిన రోజు

అద్దాల కొట్టు మీది మేడగదిలో కూర్చుని వెబ్‌సైట్లు చేసిపెట్టే ఆయన్ని ఆ వీధివాళ్ళు సాలీడు సారు అనేవారు. వెబ్బంటే సాలెగూడు కదా, అలా గౌరవంగా పెట్టిన పేరేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టేంత తీరిక ఎవరికీ లేదు. ఊళ్ళో సగం కొట్లకు సైట్లు ఆయన కట్టినవే. కట్టడమే ఆయన వంతు. కట్టాక అవి నడిచాయా, కుంటాయా, మంచం పట్టాయా అన్నది వాటి తలరాత.

అలాంటి మనిషికి కాలేజీ నుంచి పిలుపొచ్చింది. విద్యార్థుల వెబ్‌సైట్ డిజైన్ పోటీకి న్యాయనిర్ణేతగా రావాలట. సాలీడు సారు కొత్త చొక్కా వేసుకుని మేడ దిగి, కింద కొట్లో ఉన్న అద్దాలన్నిట్లోనూ వరసగా తనను చూసుకుని మరీ బయల్దేరాడు.

అక్క కూతురు కూడా పోటీలో ఉంది. ఆ సంగతి దాచకుండా వెళ్ళగానే ప్రిన్సిపాల్ చెవిన వేశాడు.

"అయితే ఏమైందండీ? మా మనవరాలు లేదూ?" అన్నాడు ప్రిన్సిపాల్.

నిష్పక్షపాతం అంటే ఏమిటో సాలీడు సారుకి అప్పుడే బోధపడింది. మూడో న్యాయనిర్ణేత డ్రిల్లు మాస్టారు. ఆయనకు కంప్యూటర్ తెలియదు గానీ, కాలేజీ మొత్తంలో ఈల ఉన్నది ఆయన దగ్గరే. గోల ఎక్కువైతే ఎవరో ఒకరు ఊదాలి కదా!

పోటీ మొదలైంది. హాల్లో తెర మీద ఒక్కో సైటూ వేసి చూపించారు. ఒకదాంట్లో అక్షరాలు ఎవరో తరుముతున్నట్టు ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తాయి. ఇంకోదాంట్లో జడివాన. చదవబోతే కళ్ళజోడు తుడుచుకోవాలనిపించింది. ప్రిన్సిపాల్ మనవరాలి సైటులో చిలకలు. పాట వస్తుంటే చిలకలు ఎగురుతాయి, ఏ బటన్ నొక్కబోయినా చిలక అడ్డమొస్తుంది. సైటు దేని గురించో చివరిదాకా చిలకలకే తెలియాలి.

"బాగా ఎగురుతున్నాయి" అన్నాడు డ్రిల్లు మాస్టారు, తన సబ్జెక్టు వచ్చినందుకు సంతోషిస్తూ. సాలీడు సారు కూడా తలాడించి మంచి మార్కులే వేశాడు.

తర్వాత మేనకోడలు వచ్చింది. తెల్లటి పేజీ, పైన నల్లటి అక్షరాలు: 'మన ఊళ్ళో పని చెయ్యని వెబ్‌సైట్లు'. కింద ఒక్కో సైటు బొమ్మ, పక్కనే దాని జబ్బు. చెప్పుల కొట్టు సైటులో అన్నీ ఎడమకాలి చెప్పులే కనిపిస్తాయి. బస్సుల కంపెనీ వేళలు చూడబోతే, ఆ పేజీ తయారవుతోందని చాలా ఏళ్ళుగా చెబుతోంది. ఆసుపత్రికి దారి చూపించే పటం సరాసరి నది మధ్యలోకి తీసుకెళ్తుంది.

అందరికన్నా గట్టిగా నవ్వింది సాలీడు సారే. "ఎవడండీ బాబూ ఇవి కట్టిన మొనగాడు!" అన్నాడు పక్కకు వంగి. అంటూండగానే ఆ చెప్పులు ఎక్కడో చూసినట్టనిపించింది. నది కూడా పరిచయమున్న నదిలాగే ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి దానంతటదే చొక్కా కాలరు సర్దుకుంది.

ఆ తర్వాత తెర మీదికి వచ్చింది ఆయన సొంత సైటు. పక్కన: 'ఇందులో ఇచ్చిన ఫోన్ నంబరు ఈయనది కాదు.'

"అబద్ధం!" అని లేచాడు సాలీడు సారు. "నా నంబరు నాకు తెలీదటే?"

"చేసి చూడు మావయ్యా" అంది పిల్ల నెమ్మదిగా.

పౌరుషం కొద్దీ తెర మీది నంబరు నొక్కి, హాలంతా వినేలా ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"హలో... వెబ్‌సైట్లు చేసేది ఇక్కడేనా అండీ?"

"అయ్యో, మళ్ళీనా!" అంది అవతల ఒకావిడ గొంతు. "ఇక్కడ కుట్టుమిషన్లు బాగుచేస్తాం బాబూ. ఆ మహానుభావుడెవరో మా నంబరు రాసుకుని కూర్చున్నాడు. ఒక మాట చెప్తా వినండి, ఇంకెక్కడైనా చేయించుకోండి. సొంత నంబరే రాసుకోలేనివాడు మీకేం ఊడబొడుస్తాడు?"

హాలు గొల్లుమంది. డ్రిల్లు మాస్టారు ఈల ఊదాల్సింది పోయి పొట్ట పట్టుకున్నాడు. ప్రిన్సిపాల్‌కి నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అవి తుడుచుకునేలోపు తర్వాతి సైటు వచ్చింది. అది కాలేజీదే. ప్రిన్సిపాల్ ఫొటో ఉండాల్సిన చోట ఇంకా పాత ప్రిన్సిపాలే చిరునవ్వు నవ్వుతున్నాడు.

"ఇది డిజైన్ కాదు, ఫిర్యాదు!" అని బల్ల చరిచాడు కొత్త ప్రిన్సిపాల్. "పోటీలోంచి తీసెయ్యాలి. ఏమంటారు సార్? ఇది కట్టింది మీరే కదా, పరువు మీకూ పోయింది."

అవునంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ హాలంతా నవ్వుతున్నా మేనకోడలు మాత్రం నవ్వకపోవడం ఆయన కంటపడింది. నంబరు తప్పుందని ఆ పిల్ల ఇంట్లో ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా "నీకేం తెలుసే, చిన్నపిల్లవి" అన్నాడు తను.

"ఫిర్యాదు చెయ్యకూడదని రూల్స్‌లో లేదండీ" అన్నాడు సాలీడు సారు, గొంతు సవరించుకుని. "పొద్దుట్నుంచీ చూస్తున్నాం. నొక్కిన బటన్ నొక్కినట్టు పనిచేసిన సైటు ఇదొక్కటే."

అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానికే వేశాడు. ఇదంతా పెద్దమనసు అనుకుంటే పొరపాటు. అంత నవ్వుల మధ్య చిలకలకు ఓటేసి వీధిలోకి ఎలా వెళ్ళాలన్న భయం కూడా అందులో సగం ఉంది. మిగతా సగం మాత్రం నిజాయితీయే. ఆయనకే కొత్తగా అనిపించింది.

మొదటి బహుమతి చిలకలకే వచ్చింది. న్యాయనిర్ణేతలు ముగ్గురు మరి. ఒకరు తాతగారు, ఇంకొకరు తాతగారి కింద ఉద్యోగి. మేనకోడలికి రెండోది ఇచ్చారు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. "నీ కూతురు నలుగుర్లో నా పరువు తీసిందే అక్కా!"

"నలుగురిలో చెబితే తప్ప నువ్వు ఎప్పుడు విన్నావురా?" అంటూ అక్క టీ గ్లాసు చేతికిచ్చింది. లోపల గదిలోంచి పిల్ల నవ్వు వినిపించింది. ఆ రోజంతటిలో అది నవ్వడం అదే మొదలు.

మర్నాడు మామా మేనకోడలూ కలిసి కొట్ల వెంట బయల్దేరారు, కట్టినవన్నీ ఓసారి సరిచేసి వద్దామని. ముందు కళ్ళజోళ్ళ కొట్లోకి వెళ్ళారు. ఆయన్ని చూడగానే కొట్టాయన గల్లా మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏంటి సారూ, పిలవకుండానే వచ్చారు?"

"ఏం లేదండీ, మీ సైటు ఎలా ఉందో చూసిపోదామని."

కొట్టాయన ఆయన్నీ, పక్కనున్న పిల్లనీ మార్చి మార్చి చూశాడు. "చూస్తే చూడండి గానీ, చెయ్యి మాత్రం ఆ అమ్మాయిని పెట్టనివ్వండి" అన్నాడు.