బస్తాలకు ఆగిన బండి

లింగంపేట దాటుతుండగా స్పీడ్ బ్రేకర్ వచ్చింది. జీపు ముందు చక్రాలు ఎక్కి దిగాయి, వెనక చక్రాలు ఎక్కి దిగాయి. అక్కడితో అయిపోవాలి. అవలేదు. బండి మళ్లీ లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. వెనక సీట్లో మా పిల్లలిద్దరూ ఉయ్యాలెక్కినట్టు నవ్వుతున్నారు. అంతలో ఎదురుగా బస్సు వస్తే మా ఆయన స్టీరింగ్‌ను ఎడమకు తిప్పాడు. బండి వెంటనే తిరగలేదు. ముందు ఒక పక్కకు ఒరిగింది, ఆ తర్వాత తిరిగింది. ఆ రెండింటికీ మధ్య ఉన్న క్షణంలోనే నాకు భయం మొదలైంది.

"ఇంకోసారి డాడీ," అన్నది నా కూతురు.

మా ఆయన గల్ఫ్‌లో చాలా ఏళ్లు డ్రైవర్‌గా పనిచేసి వచ్చాడు. అక్కడ ఇసుక దిబ్బల మీద యజమానికి చెందిన ఎత్తైన బండిని నడిపేవాడు. తిరిగొచ్చాక పాత జీపు కొన్నాడు. మేం పిల్లల బడి కోసం కామారెడ్డిలో ఉంటాం. అత్తమామలు ఎల్లారెడ్డి దగ్గర పల్లెలో ఉంటారు. సెలవు దొరికితే అక్కడికే వెళ్తాం. అక్కడ మా పొలం వాగు అవతల ఉంది. వానలు పడితే వాగులో నీళ్లు సైలెన్సర్ దాకా వస్తాయి. అందుకని పొడవాటి స్ప్రింగులు, పెద్ద చక్రాలు వేయించి జీపు ఎత్తు పెంచాడు. అది అక్కరకొచ్చే పనే, నేనూ కాదనలేదు. కానీ షాక్ అబ్జార్బర్లు మాత్రం పాతవే ఉంచాడు.

డిగ్రీలో నేను ఫిజిక్స్ చదివాను. స్ప్రింగ్ బరువును మోస్తుంది, ఊగుతుంది. ఆ ఊగడాన్ని పట్టి ఆపేది షాక్. ఎత్తు పెంచిన బండికి పాత షాకులు పొట్టివైపోతాయి. చక్రం గుంతలోకి దిగినప్పుడు అవి చివరిదాకా సాగి టక్కుమని గుంజుతాయి. పరీక్షలో ఊగే స్ప్రింగు గురించి పేజీలు నింపి మార్కులు తెచ్చుకున్నాను. దాని మీద నా పిల్లలు కూర్చునే రోజు వస్తుందని అనుకోలేదు.

షాకులు మార్పిద్దామని నేను వెంటపడితే, చివరికి కామారెడ్డిలో ఆయనకు తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాడు. మెకానిక్ పెద్దాయన, అందరూ చాచా అని పిలుస్తారు. బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. రెండూ ఈ ఎత్తుకు సరిపోయే పొడవున్నవే. ఒకటి చేత్తో నొక్కితే మెల్లగా లోపలికి పోయి మెల్లగా బయటికొచ్చింది. రెండోది లావుది, నా బలమంతా పెట్టినా కదల్లేదు.

"గిదీ షాక్ అంటే," అన్నాడు మా ఆయన లావుదాన్ని తడుతూ. "గల్ఫ్‌ల మా సేట్ బండికి గిసొంటివే ఉండె."

"ఆ బండిల ఎప్పుడూ సామాన్లు, డ్రమ్ములు ఉండేటియని నువ్వే చెప్పినవు గదా. మనం నలుగురమే కూసుంటం. మనకు మెత్తటివి చాలు."

చాచా నవ్వాడు. "బేటీ, మెత్తటివి తీస్కపోతే మల్ల నెల తిరగంగనే వస్తరు. గట్టివి వేస్తే జిందగీ మొత్తం ఫికర్ లేదు."

"బండి ఎక్కువగా ఎంత బరువుతోని తిరుగుతదో దానికి తగ్గట్టు చూడాలె గదా చాచా?"

"చూడు చాచా, మా ఇంట్ల ఇంజనీర్ ఉన్నది," అన్నాడు మా ఆయన. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. గట్టివే వేశారు.

వాటిని పల్లెలో పరీక్షించారు. మా దగ్గర ఏ బండినైనా పరీక్షించే తీరు అదే. వెనకాల నిండుగా వడ్ల బస్తాలు వేశారు, మామయ్య ముందు సీట్లో కూర్చున్నాడు, వాగు దాటి పొలం దాకా వెళ్లి తిరిగొచ్చారు. బండి నిజంగానే ఊగలేదు. బరువు కింద ఒద్దికగా, నిండు గర్భిణిలా నడిచింది. మామయ్య దిగి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"ఏం ఫికర్ లేదు. బస్తాలకు ఆగిన బండి పిల్లలకు ఆగదా?"

వాకిట్లో ఉన్నవాళ్లందరూ తలూపారు. పదేళ్లలోపు పిల్లలు వడ్ల బస్తా కన్నా తేలికని అందరికీ తెలుసు. భయమంతా ఆ తేలికలోనే ఉందని ఎవరికీ చెప్పలేకపోయాను. బరువు లేనప్పుడు గట్టి షాకు లొంగదు. రోడ్డు మీది ప్రతి గడ్డకూ బండినే ఎగరేస్తుంది. నేలను వదిలిన చక్రానికి బ్రేకు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

ఆ మరుసటి రోజు బస్తాలు దించేసిన బండిలో నలుగురం కామారెడ్డికి తిరిగొస్తున్నాం. అడవి మధ్య మలుపులో తారు లేచిపోయి వరసగా గతుకులున్నాయి. మా ఆయన బ్రేకు వేశాడు. బండి వెనక భాగం టకటకా ఎగిరి, పక్కకు జరిగింది. ఆ తర్వాత చెట్లు అద్దంలో అడ్డంగా తిరగడం గుర్తుంది. ఎట్లాగో పట్టుకుని ఆపాడు. రెండు చక్రాలు రోడ్డు దిగి మట్టిలో ఉన్నాయి. బాబు పెదవి ముందు సీటుకు తగిలి చిట్లింది. చొక్కా మీద రక్తం చూసుకుని వాడు ఏడవలేదు. ఏం జరిగిందో తెలియక నా వైపు చూశాడు. మా ఆయన దిగి, చక్రాల కిందికి వంగి చూశాడు.

"గుంతలు గట్లున్నయి," అన్నాడు. "బండిది తప్పు లేదు."

కామారెడ్డి దాకా ప్రతి మలుపు దగ్గరా నడక వేగంతో నడిపాడు. నేను బాబు పెదవికి కొంగు అదిమి పట్టాను.

వారమంతా అడిగాను. మెత్తటి షాకులు వేయించమన్నాను. "మల్ల మార్పిస్తే షెడ్డుల నవ్వుతరు," అన్నాడు. అప్పటికే వాళ్లు నవ్వింది నన్ను చూసి. అది ఆయనకు లెక్కలోకి రాలేదు.

మళ్లీ శనివారం పల్లెకు వెళ్దామన్నాడు. నేను పిల్లలతో బస్సెక్కాను, ఆయన జీపులో వచ్చాడు. ఆదివారం పోచారం చెరువు చూపిస్తానని పిల్లలకు ముందే మాటిచ్చాడు. అత్తమ్మ బాబు పెదవి చూసి, "గా బండికే దిష్టి తగిలింది," అని జీపు ముందు నిమ్మకాయలు కట్టింది. పొద్దుగూకే వేళ మా ఆయన నన్ను వాకిట్లోకి పిలిచాడు. మొహంలో ఎన్నడూ లేని మెత్తదనం ఉంది.

"చాచాను అడిగిన. నువ్వన్నది నిజమేనట. ఖాళీగుంటేనే ఎగురుతదట. ఇగో, చూడు."

వెనక సీటు వెనకాల రెండు వడ్ల బస్తాలు నిలబెట్టి ఉన్నాయి. కట్టు లేదు, తాడు లేదు. వాటి ముందే, నా పిల్లల తలలు ఆనే చోటు.

"ఇప్పుడు ఖుషీనా?" అన్నాడు. నిజంగానే నా కోసం చేశాడు. రాత్రిళ్లు ఇది రాసుకుంటుంటే అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది అదే.

"బ్రేకు గట్టిగ వేస్తే అవి ఎటు పడుతయి?" అని అడిగాను.

ఆయన బస్తాల వైపు చూశాడు, తర్వాత నా వైపు. మెత్తదనం పోయింది. "నీకు ఏం చేసినా తక్కువనే. రేపు నా పిల్లలను నేను తీస్కపోత. నువ్వు రాకున్నా సరే."

తెల్లవారి వాకిట్లో జీపు స్టార్ట్ అయింది. పిల్లలు చెప్పులేసుకుంటుంటే వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాను.

"డాడీ జీపు ఎక్కకుండ్రి. ఇయ్యాల్ల ఒక్కనాడే గాదు, నేను చెప్పేదాంక ఎక్కొద్దు. మనం బస్సుల ఇంటికి పోదం."

"డాడీ అడిగితే కడుపు నొస్తుందని చెప్పాల్నా?" అన్నాడు బాబు. పెదవి మీద పక్కు ఇంకా ఊడలేదు.

"వద్దు. అబద్ధం చెప్పకుండ్రి. అమ్మ ఎక్కద్దన్నదని చెప్పుండ్రి. కోపమొస్తే నా మీదనే రానియ్యుండ్రి, మీదైనా, డాడీదైనా."

బయట హారన్ మోగింది. నా కూతురు తలుపు వైపు చూసింది. "మరి డాడీ ఒక్కడే పోతడా?"

"పోతడేమో బిడ్డ. డాడీని ఆపుడు నాతోని కాలే. మిమ్మల్ని ఆపుడు అయితది."