చివర్న కోటయ్యని కూడా పిలవండి

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని నేను చాలా ఏడిపించాను. నా వృత్తి సాఫ్ట్‌వేర్ రాయడం. ప్రోగ్రామ్ మొండికేసిన ప్రతిసారీ వెతగ్గా వెతగ్గా ఎవరో ఒక మనిషి చేసిన తప్పే దొరికింది గానీ దెయ్యం దొరకలేదు. దెయ్యాలున్నాయని ఇప్పుడు కూడా వాదించను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా మావయ్య గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. సీజన్లో ముఠా కూలీలు రోజంతా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోస్తూ చాంబర్లలోకి వెళ్తూ వస్తూ ఉంటారు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల చల్లగా ఉంటుంది కదా, టిక్కీల వరసల వెనక కాసేపు నడుం వాల్చేవాళ్ళూ ఉంటారు. అందుకని సాయంత్రం తలుపు వేసేముందు ముఠా మేస్త్రి అందర్నీ పేరుపేరునా పిలుస్తాడు. పలికినవాడు పలికినట్టు బయటికి రావాలి.

ఆ పిలుపులయ్యేదాకా పనంతా ఆగిపోతోందని మావయ్య గోల. మనిషికో కార్డు ఇచ్చి, లోపలికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తలుపు దగ్గర తాకించేలా ఒక యాప్ చేసిపెట్టమన్నాడు. లోపల సున్నా అని తెర మీద కనిపిస్తే తలుపు వేసేసుకుంటారు. చిన్న పనే కదా అని ఒప్పుకున్నాను.

ఒకప్పుడు ఐదుగురు చేసే పనిని ఇప్పుడు నేనొక్కదాన్నే ఇంట్లో కూర్చుని చేస్తున్నాను. ఒక ఏఐ కోడు రాస్తుంది. వేరే కంపెనీ ఏఐ అందులో తప్పులు పట్టుకుంటుంది. అత్తాకోడళ్ళ కాపురం లాంటిదే. ఆ తర్వాత టెస్టులు వాటంతటవే నడుస్తాయి. టెస్టంటే ఒక ఉత్తుత్తి మనిషిని పుట్టించి, అతను లోపలికి వెళ్ళినట్టూ వచ్చినట్టూ ఆడించి, యాప్ సరిగ్గా లెక్కపెడుతోందో లేదో చూసుకోవడం. ఆ ఉత్తుత్తి మనుషుల్ని కూడా ఏఐనే పుట్టిస్తుంది. నా పనల్లా చదివి, సరే అని నొక్కడమే.

మొదటి రోజు రాసిన టెస్టుల్లోనే ఒకటి తేడాగా ఉంది. కోటయ్య అనే మనిషి లోపలికి వెళ్ళాడు, బయటికి రాలేదు, కాబట్టి తలుపు వేయకూడదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ కోటయ్యకి కార్డు లేదు. కార్డు లేని మనిషిని నా యాప్ ఎలా లెక్కపెడుతుంది? తీసెయ్యమన్నాను, తీసేసింది.

మర్నాడు మళ్ళీ కొత్తగా మొదలుపెట్టాను. నేను వాడే ఏఐకి నిన్నటి మాట ఇవాళ గుర్తుండదు. అయినా కోటయ్య వచ్చాడు. కార్డు లేదు, బయటికి రాలేదు. పాత ఫైలేదైనా మిగిలిపోయిందేమోనని అంతా గాలించాను. ఏమీ లేదు. ఈ పేరెందుకు పెట్టావని అడిగితే, మీ ప్రాంతంలో ఎక్కువగా వినిపించే పేరని ఉదాహరణకి పెట్టానంది. అదీ నిజమే. కోటప్పకొండ పుణ్యమా అని మావైపు వీధికిద్దరు కోటయ్యలుంటారు. మళ్ళీ తీయించి నా పని నేను చేసుకున్నాను.

మూడోసారి తీసేసిన రోజు, తప్పులు పట్టే రెండో ఏఐ పని ఆపేసింది. వాటితో నేనెప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడతాను, అవీ ఇంగ్లీషులోనే జవాబిస్తాయి. ఆ రోజు మాత్రం ఒకే ఒక్క వాక్యం, తెలుగులో ఉంది.

"చివర్న కోటయ్యని కూడా పిలవండయ్యా, పిలవకుండా తలుపెయ్యమాకండి."

మిట్టమధ్యాహ్నం. వంటింట్లో కుక్కర్ కూత పెడుతోంది. పిలుపుల సంగతి నేను ఆ ఏఐలకి ఎప్పుడూ చెప్పలేదు. కార్డులు, తలుపు, లెక్క, ఇంతే చెప్పాను. ఆ తెరని ఫోటో తీసి పెట్టుకున్నాను, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

స్కూటీ వేసుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి మావయ్యకి ఆ ఫోటో చూపించాను. ఆయన మేస్త్రి అంకమ్మరావుని పిలిచాడు. అంకమ్మరావు గట్టిగా చదివి, ఫోను నా చేతిలో పెట్టేశాడు.

"ఈ సంగతి నీకెవురు చెప్పారమ్మా?"

ఎవరూ చెప్పలేదన్నాను. అప్పుడు చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట కోటయ్య అనే కూలీ టిక్కీల వెనక పడుకుని నిద్రపోయాడు. చూసుకోకుండా తలుపేశారు. పొద్దున తీసేసరికి తలుపుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడట, ప్రాణం లేదు. పేర్లు పిలవడం ఆ తర్వాతే మొదలైంది. అందరూ అయ్యాక చివర్న కోటయ్యని కూడా పిలుస్తారు. కాసేపు ఆగి, అప్పుడు తలుపేస్తారు. బయటివాళ్ళకి మాత్రం చెప్పరు.

"మనం పిలవకపోతే ఆడు తోడెతుక్కుంటాడమ్మా," అన్నాడు అంకమ్మరావు.

మావయ్య నా వైపు చూడలేదు. కార్డులూ ఉంచుదాం, పిలుపులూ ఉంచుదాం అని నేనే అన్నాను. యాప్ పెట్టాం. చాలా రోజులు ఏ తేడా రాలేదు.

తర్వాత ఒకరోజు అంకమ్మరావు పనికి రాలేదు. లారీల తొందరలో మావయ్య పిలుపులు మానేశాడు. సాయంత్రం నాకు ఫోన్ చేసి కేకలు మొదలుపెట్టాడు.

"ఏందమ్మా నీ యాపు? అందరూ బయటే ఉన్నారు, ఇదేమో లోపల ఒకరున్నారంటంది!"

"ఎవరని చూపిస్తోంది మావయ్యా?"

కోటయ్య అని ఉందన్నాడు. "పిలవండి మావయ్యా, ముందు పిలవండి," అని అరిచాను.

ఫోన్లో అన్ని పేర్లూ విన్నాను. చివర్న కోటయ్యా అని పిలిచాడు. టిక్కీల వెనక నుంచి ఒక మనిషి కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడట. ఆ ఉదయమే పనిలో చేరినవాడు, ఇంకా కార్డు ఇవ్వలేదు. పేరు కూడా కోటయ్య కాదు. తలుపు పడి ఉంటే తెల్లారేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

కార్డు లేని మనిషిని లెక్కపెట్టడం ఆ యాప్‌కి కుదరని పని. కోటయ్య పేరు అందులో ఎక్కడా లేదు. ఆ రాత్రి మొత్తం కోడు వరస వరసా చదివాను. మా స్నేహితుల చేత కూడా చదివించాను. ఎలా జరిగిందో వాళ్ళకీ అంతుపట్టలేదు.

ఇది పోయిన సీజన్ మాట. ఈమధ్య ఒంగోలు దగ్గర ఒక బడి బస్సులకి పని ఒప్పుకున్నాను. పిల్లలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు తాకిస్తారు. కొత్త ల్యాప్‌టాప్, వేరే ఏఐ, పాత కోడు ఒక్క ముక్క కూడా తెచ్చుకోలేదు. మొదటి రోజు అది రాసిన టెస్టు చదివి కుర్చీలోంచి లేచిపోయాను. రిజ్వానా, ఒకటో తరగతి. కార్డు లేదు. బస్సులోంచి దిగలేదు.

భయపడుతూనే బడికి ఫోన్ చేశాను. ఆ పేరు గల పాప గురించి, మీ బస్సుల్లో ఎప్పుడైనా ఏమైనా జరిగిందా అని అడిగాను.

"అబ్బే, అలాంటిదేం లేదండి. ఆ పేరుతో మా బళ్ళో ఎవరూ చదవలేదు," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "కొత్త అడ్మిషన్లు జూన్లో కదండీ."

ఎందుకిలా అవుతోందో నాకు తెలియదు. ఆ టెస్టు మాత్రం తీయలేదు. బస్సు డ్రైవరుని కలిసి, తాళం వేసేముందు ప్రతి సీటు కిందా చూడమనీ, ఆ పేరు పెట్టి గట్టిగా ఒకసారి పిలవమనీ బతిమాలాను.

"ఎవరు మేడమ్ ఆ పాప?" అన్నాడు.

ఇంకా బళ్ళో చేరలేదని చెప్పాను.