స్వామి ప్లేటు, ఎండని పట్టీ

దెయ్యం కనిపిస్తే ముందు ఆధార్ కార్డు చూపించమంటానని పదిమందిలో జోకులేసే మనిషిని నేను. మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని. రుజువు లేనిదే సంతకం పెట్టను. ఇది రాస్తున్నప్పుడు కూడా నా చేయి నాతో పేచీ పెడుతోంది. అయినా జరిగింది జరిగినట్టే రాస్తాను.

మాది కాకినాడ. సముద్రం పక్కన పుట్టి మోకాలి లోతు దాటనివాణ్ణి. ఉద్యోగం మేడ్చల్‌లో, ఇల్లు తూంకుంటలో. సముద్రానికి ఇంత దూరం వచ్చాక, అదీ యాభై దాటాక, నీటి అడుగున ఈదాలన్న పిచ్చి పట్టింది. సెలవులకి విశాఖ వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. "మునిగిపోయే కంపెనీల్లో డబ్బులు పెట్టొద్దని మొత్తుకున్నాను. ఇప్పుడు మనిషే మునుగుతున్నాడు" అంది మా ఆవిడ.

సాధన చేసుకోవడానికి శామీర్‌పేట దాటాక ఒక పాత గ్రానైట్ క్వారీ ఉంది. తవ్వకం ఆగిపోయి, వాననీళ్లు నిండి, పచ్చగా లోతుగా ఉంటుంది. ఆ భూమి తిరుపతిరెడ్డిది. ఊళ్లో అందరూ ఆయన్ని 'పటేలా' అంటారు. రాయి అయిపోయాక నీటి మీద పడ్డాడు. గట్టున ఒక షెడ్డు వేసి చిన్న డైవింగ్ క్లబ్బు నడిపేవాడు.

కొన్నాళ్లకి నాకు సొంత బ్యాక్‌ప్లేట్ ఒకటి కావాలనిపించింది. వీపుకి ఆనుకునే లోహపు పలక అది. దానికి ఒక పక్క మనిషిని, రెండో పక్క గాలి సిలిండర్‌ని కట్టేస్తారు. "ముందు ప్లేటు ఉంటే చాలదా మీకు, వెనక కూడా కావాలా?" అని మా ఆవిడ నా పొట్టకేసి చూసింది.

రెడ్డి షెడ్డులో మూడు పలకలు చూశాను. మొదటిది మందపాటి స్టీలు. ఉప్పునీరు మనిషిని తేల్చేస్తుంది కాబట్టి సముద్రంలో ఆ బరువు పనికొస్తుంది. క్వారీలో మంచినీళ్లు, ఒంటి మీద పల్చటి సూటు. కొవ్వు తేలుతుందన్న మాట నిజమే కానీ, నా కొవ్వుకి కూడా అంత ఇనుము అక్కర్లేదు. రెండోది జంట సిలిండర్ల కోసం చేసింది. ఒక్క సిలిండర్ కట్టాలంటే మధ్యలో ఇంకో లోహపు ముక్క పెట్టి బోల్టులు బిగించాలి. ఉమ్మడి కుటుంబానికి కట్టిన ఇంట్లో బ్రహ్మచారి కాపురంలా ఉంటుంది. మూడోది పల్చటి అల్యూమినియం పలక. పట్టీ దూర్చే చీలికలు పలకలోనే ఉన్నాయి, ఒంటి సిలిండర్‌కి సరిగ్గా కొలిచినట్టు. పై మూల ఒక సొట్ట. భుజాన వేసుకోగానే నా నడుము హమ్మయ్య అంది.

"గా ప్లేటు వద్దు సార్" అన్నాడు రెడ్డి.

"ఏం?"

"పాతది. గంతే."

ఉచితంగా సలహాలిచ్చే మనిషి అంత పొదుపుగా మాట్లాడటం వింతగా తోచింది. అయినా నా నడుము మాటే విని కొనేశాను.

ఆ పలకని మా వెనక బాల్కనీలో కొక్కేనికి తగిలించేవాణ్ణి. నడి వేసవి. తీగ మీద చీర ఆరేసి క్లిప్పు పెట్టేలోపు ఎండిపోయే రోజులు. సిలిండర్‌ని బిగించే నైలాన్ పట్టీ మాత్రం రోజూ పొద్దున్నకి తడిగా ఉండేది. కింద చిన్న మడుగు. "మీ వీపుప్లేటు ఏడుస్తోందండీ" అనేది మా ఆవిడ, తుడిచి తుడిచి విసుగెత్తి.

కుళాయి చూశాను. ఏసీ గొట్టం చూశాను. పై అంతస్తు వాళ్ల పూలకుండీలు చూశాను. చివరికి మా కంపెనీలో మాత్రల సీసాల్లో వేసే, తేమ పీల్చే గుళికల పొట్లాలు తెచ్చి, పలకతో పాటు డబ్బాలో పెట్టి మూత చుట్టూ టేపు వేశాను. పొద్దున్న టేపు చెదరలేదు. నీలం గుళికలన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. డబ్బా అడుగున నీళ్లు.

దీనికో పనికొచ్చే సంగతి ఉంది. నైలాన్ తడిస్తే సాగుతుంది. పొడి పట్టీతో సిలిండర్‌ని బిగించి నీళ్లలో దిగితే, లోపల అది వదులై సిలిండర్ జారిపోతుంది. అందుకే ముందు తడపాలి, తర్వాత బిగించాలి. నా పలక నాకంటే క్రమశిక్షణ గలదని సర్దిచెప్పుకున్నాను.

సర్దిచెప్పుకోలేనిది ఇంకోటి ఉండేది. నీళ్లలోకి దిగగానే నా వీపు వెనక, పలక మీద, ఎవరో పిడికిలితో తట్టినట్టు రెండు దెబ్బలు వినిపించేవి.

క్లబ్బు గేటు ఎదురుగా కవిత అనే ఆమె టీ కొట్టు. ఒకరోజు పలకని ఆమె బల్ల మీద పెట్టి టీ అడిగాను. ఆమె చాయ్ పొయ్యడం ఆపి, సొట్ట మీద వేలు పెట్టింది.

"గిది మీ కాడికెట్ల వచ్చింది సార్? మా ఆయనది."

ఆమె భర్త స్వామి గజ ఈతగాడు. చుట్టుపక్కల చెరువుల్లో ఎవరు మునిగినా ఆయన్నే పిలిచేవారట. రెడ్డి ఆయనకి సిలిండర్‌తో దిగడం నేర్పించి క్లబ్బులో పెట్టుకున్నాడు. కిందటేడు ఇదే క్వారీలో, సిలిండర్ జారి, నోట్లోని గాలిగొట్టం ఊడి చనిపోయాడు.

"తాగి దిగిండు, పట్టీ సక్కగ కట్టుకోలే అని పటేల ఊరంత జెప్పిండు. గా మనిషి కల్లు గూడ ముట్టకపోవు సార్. నా బిడ్డను బడిల తాగుబోతోని బిడ్డ అంటున్నరు. నాకు పైసలొద్దు, ఏమొద్దు. ఊరి నడుమ బొడ్రాయి కాడ నిలవడి, స్వామి తాగలేదని గా నోటితోనే జెప్పాలె."

సొట్టని కొంగుతో తుడుస్తూ ఆమే అంది. "మా ఆయన పక్కోనికి పట్టీ కట్టినంక ప్లేటు మీద రెండుసార్లు కొట్టి, 'ఇగ దిగు' అనేటోడు."

నా చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ ఆదివారం ఉదయం రెడ్డి తన క్లబ్బు చూపించడానికి ఊరి పెద్దల్ని పిలిచాడు. టిఫిన్లు కవిత కొట్టు నుంచే వచ్చాయి. తీరా దిగే వేళకి రెడ్డి వాడే జంట సిలిండర్ల ప్లేటుకి బిగించే బోల్టు కనిపించలేదు. షెడ్డంతా వెతికారు.

"సార్, మీది ఇయ్యుండ్రి జెర. జల్దీ."

ఇచ్చాను. పట్టీ పట్టుకుని చూస్తే ఎండుటాకులా పొడిగా ఉంది. అది నా దగ్గరకొచ్చాక అదే మొదటిసారి.

"తడిపి కట్టండి" అన్నాను.

"ఇన్నేండ్ల సంది కడ్తున్న. నాకే జెప్తరా సార్?" అని నవ్వి, ఎండిన పట్టీని అలాగే బిగించాడు.

ఇడ్లీల గిన్నె పట్టుకుని నిలబడ్డ కవిత మెల్లగా అడిగింది. "మా ఆయనకు గూడ గిట్లనే కట్టినవా, పటేలా?"

రెడ్డి ముఖానికి అద్దం తగిలించుకుని నీళ్లలోకి దిగాడు. షెడ్డులోని బరువైన స్టీలు పలక తగిలించుకుని జోడీగా నేనూ దిగాను.

క్వారీ లోపల మెట్టులా ఒక రాతి అంచు ఉంటుంది. అక్కడికి చేరేసరికి రెడ్డి సిలిండర్ పట్టీలోంచి జారి ఆయన నడుం కిందకి వేలాడుతోంది. నోట్లోంచి గాలిగొట్టం ఊడిపోయింది. నా దగ్గరున్న రెండో గొట్టం ఆయన నోట్లో పెట్టాను. ఒక చేత్తో ఆయన్ని, ఇంకో చేత్తో ఆ సిలిండర్‌ని పట్టుకుని పైకి తెచ్చాను. దాని బరువు నా చేతికి ఇప్పటికీ గుర్తే. వస్తున్నంతసేపూ ఆ పలక మీద దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. ఈసారి రెండుతో ఆగలేదు.

గట్టున పడగానే రెడ్డి చేతులు జోడించాడు. నాకు కాదు, తన వెనక్కి తిరిగి.

"నేనే కట్టిన. ఎండిదే కట్టిన. స్వామి తాగలే. ఆపుమనుండ్రి సార్, వెనకనుంచి తడ్తాండు, ఆపుమనుండ్రి!"

ఊరి పెద్దలందరూ విన్నారు.

పొడి పట్టీ సాగింది, సిలిండర్ జారింది. ఇందులో వింతేముంది? నేనూ అలాగే అనుకుని రెడ్డి వీపు మీది పలక విప్పబోయాను. సిలిండర్ దాని చోటులోనే ఉంది. వేలెడు కూడా జారలేదు. పట్టీ ఎంత బిగుసుకుందంటే నేనూ పెద్దల్లో ఒకరూ కలిసి లాగినా బకిల్ రాలేదు. కత్తితో కోయాల్సి వచ్చింది. నా చేత్తో మోసుకొచ్చిన సిలిండర్ తిరిగి పట్టీలోకి ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు.

ఒళ్లు ఆరాక రెడ్డి మాట మార్చాడు. ఊపిరాడక ఏదో అన్నానన్నాడు. ప్లేటు ఫిరాయించడమంటే ఏమిటో అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. బొడ్రాయి దగ్గరికి మాత్రం రానన్నాడు.

పలక కవితకి ఇచ్చేశాను. ఆమె తెగిన పట్టీ ముక్కలకి ముడివేసి, కొట్టులో గేటుకి ఎదురుగా ఉన్న మేకుకి తగిలించింది. ఆ రాత్రి నుంచే పట్టీ మళ్లీ కారడం మొదలుపెట్టిందట. ఆమె కింద ఒక సత్తు గిన్నె పెట్టింది. పొద్దున్నే తన వాకిలి ఊడ్చుకున్నాక, ఆ గిన్నెలో నీళ్లు తీసుకెళ్లి రెడ్డి గేటు ముందు కళ్లాపి చల్లినట్టు చల్లి వస్తుంది.

రెడ్డి క్లబ్బు మూసేశాడు. ఆ తడి తొక్కడానికి ఆయనకి కాలాడదు. తన భూమికి తనే వెనక పొలాల గట్టు మీదుగా వెళ్తున్నాడు.

మొన్న టీకి ఆగాను. ఎన్నాళ్లిలా చల్లుతావమ్మా అని అడిగాను.

"ఆయన బొడ్రాయి కాడికి వచ్చేదాక సార్. పట్టీ ఎండనియ్యి, ఆపుత. నాకేం జల్దీ లేదు" అంది, గిన్నె సరిచేస్తూ. "మా ఆయనకు అసలే లేదు."

గుళికలు ఎందుకు రంగు మారాయో, సిలిండర్ ఎలా వెనక్కి వెళ్లిందో నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టి చెప్పలేను. నాకు తెలిసింది ఒక్కటే. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఆ గేటు ముందు నేల తడిగా ఉంది.